గోడంత ఫొటో కింద రాయాల్సిన మాట

హలో… లొరెయిన్? ఆ, నేనే… రసెల్‌ని. రసెల్ టిబ్బెట్స్. కాలేజీలో ఫుట్‌బాల్ వాళ్ళ కాళ్ళకి కట్లు కట్టేవాణ్ణి—

ఆ, ఆ బక్కవాణ్ణే.

…అవును, ఎన్నేళ్ళయిందో. మీ ఆయన ఎలా ఉన్నాడు? ఎమెట్?

…అయ్యో. నీ పేరు కూడా మర్చిపోతున్నాడా?

…లేదు, స్టేడియం పని మీదే చేశా. మళ్ళీ కొత్తగా కడుతున్నారుగా. పడమటి గ్యాలరీ మొత్తం పడగొట్టేశారు. ఆ, పంతొమ్మిది వందల ఇరవై ఆరులో కాలేజీ పిల్లలే క్వారీ నుంచి రాళ్ళు మోసి కట్టింది. ప్రొఫెసర్లు కూడా చొక్కాలు విప్పి మోశారట. ఆ రాళ్ళతోనే గేటు పక్కన గోడ కట్టి, స్టేడియం చరిత్రంతా దాని మీద పెడతారు. రాసే పని నాకు అంటగట్టారు.

ఎమెట్ ఫొటో గోడంత పెడుతున్నారు. డెబ్బై మూడు నవంబరు ఆట… వాణ్ణి అందరూ భుజాల మీద మోసుకెళ్తున్నది.

…సంతోషమే. కానీ కింద ఏం రాయాలన్నా నాకు చెయ్యాడటం లేదు.

…కాదు. ఒక్క నిమిషం విను. మధ్యలో ఆపితే మళ్ళీ నోరు పెగలదు.

మూడో క్వార్టర్లో ఇద్దరు వాడి మీద పడ్డారు చూడు, హెల్మెట్ ఊడి దొర్లిపోయింది… నువ్వు బ్యాండులో ఉన్నావు, చూసే ఉంటావు. బెంచీ దగ్గరికి నేనే నడిపించుకొచ్చా. ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పమన్నా. టోలిడో అన్నాడు. వాళ్ళమ్మ ఊరు. ఇవి ఎన్ని వేళ్ళురా అంటే ఊరికే నవ్వాడు.

కోచ్ వచ్చి, వీడు బానే ఉన్నాడా అన్నాడు.

…

నేను… బానే ఉన్నాడన్నా.

…

లొరెయిన్? ఉన్నావా?

…లేదు, డాక్టరు ఆ రోజు రాలేదు. నన్నే అడిగాడు. పంతొమ్మిదేళ్ళు నాకు. కాదంటే ఆట పోతుందని… ఛ, అదీ అబద్ధమే. కోచ్ నామీద అరుస్తాడని భయం. అంతే.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు కిందపడ్డాడు. నేను గీత అవతల నిలబడి చూస్తూనే ఉన్నా.

…అవును. తెలిసే.

…తిట్టు. ఇంకా తిట్టు.

…ఆ ఒక్క దెబ్బ వల్లేనని డాక్టర్లు చెప్పలేదా? సరే. నా మాట వల్ల కాదని కూడా చెప్పలేదుగా.

…లేదు, క్షమించమని అడగడానికి చెయ్యలేదు. ఆ ఫొటో తీసెయ్యమంటే తీయించేస్తా.

…ఉంచమంటావా?

…నిజమే రాయమంటావా. తల తిరుగుతున్నవాణ్ణి మళ్ళీ ఆటలోకి పంపారని.

…నా పేరు కూడా. …రాస్తా.

…కాలేజీ వాళ్ళు ఒప్పుకోకపోతే వేరేవాళ్ళని చూసుకోమంటా. ఇంకోటి మాత్రం రాయను.

…ఎమెట్‌కా? నా నోటితోనా?

…

అవును. ముందు వాడికే చెప్పాలి.

…పొద్దున పూట కాస్త తేటగా ఉంటాడా. శనివారం పదకొండింటికి వస్తా.

…మధ్యాహ్నానికల్లా మర్చిపోతాడా? మరి—

…

చెప్తా. మళ్ళీ చెప్తా. మర్చిపోయిన ప్రతిసారీ వచ్చి చెప్తా.

లొరెయిన్, నేను—

హలో?