తూటాలో కొసరు

హలో… ఆ, నేనేలే, సర్దార్ బీని. వంటింటి ఫోను ఈ ఇంట్లో నేను గాక ఇంకెవురు ఎత్తుతారు?

…ఎవురు? అల్లుడా! సలాము గూడా మర్చిపోతివా బాబా తోటలో పనికి చేరినాక?

…అరవద్దు. నాకింకా చెవుడు రాలేదు. రాస్ అల్ ఖైమా అంతా ఇనాల్నా ఏంది నీ గొంతు?

…ఏ డబ్బా?

…ఓహో, తూటాల డబ్బా. అరలో లేదంటావు.

…నేనే తీసినా.

…ఆ, నేనే. నిన్న సాయంత్రం నీకు అన్నం క్యారియర్ తెస్తి గదా. క్యారియర్ ఆడ పెట్టి, డబ్బా కొంగులో చుట్టుకోని వస్తి. నువ్వు నమాజుకు చేతులు కడుక్కుంటాంటివి.

…దొంగనా? అను. ఇంకోసారి అను ఇమామ్ హుస్సేనూ, బాగా ఇననీ. ఆ నోటికి దుబాయ్ కూడు పెట్టిచ్చింది ఎవురో మర్చిపోతివా? ఈ ఇంటి యజమాని బాబా గడ్డం పట్టుకోవడం ఒకటే తక్కువ, అట్ల అడుక్కుంటి నీ వీసా కోసరం. "మా రహమత్‌బీ మొగుడు బాబా, నమ్మకస్థుడు, తూకం తెలిసినోడు" అంటి. ఆ మాట మీదనే గదా తూటాలు నింపే బల్ల ముందర కూర్చోబెట్టె నిన్ను.

…చెప్పుకో పో. మేడమ్‌కు చెప్తావో, తోట మేనేజరు ముదీర్‌కు చెప్తావో. అత్త తూటాలు ఎత్తకపోయిందని చెప్పు. ఈ మోకాళ్ళు పెట్టుకోని నేను ఎవుర్ని కాల్చను పోతానో అది గూడా నువ్వే చెప్పు.

…యాల తీసినానా? నువ్వు చేసింది చూస్తి గాబట్టి.

…కిటికీలోంచి. ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టుకోని కూర్చున్నావు. ముందర ఆ చిన్న తక్కెడ. మందు తూచినావు, గొట్టంలో పోసినావు. బాగుంది. ఆ తర్వాత రెండు వేళ్ళతో… ఇట్ల… ఇంకింత. గొట్టం గొట్టానికీ ఇంకింత.

…లేదంటావా? నా కండ్లకు పొర గూడా వచ్చెనా, చెవుడుతోపాటు?

…అప్పుడే అరిచింటే బాగుండునా? మందు ముందర కూర్చున్న మనిషిని ఉలిక్కిపడేట్ల చేయగూడదని మా నాయన చెప్పె. అందుకే నోరు మూసుకుంటి. నేను నోరు మూసుకున్నానంటే అది ఎంత పెద్ద సంగతో నీకు తెలీదా?

…ఆ చిటికె నాకు తెలుసబ్బా. మీ నాయన ఫకీర్ సాహెబ్ చిటికె అది. రాయచోటిలో అంగడి మీద కూర్చోని, సేరు బియ్యం కొలిచి, కొలిచినాక చెయ్యి ఇట్ల తిప్పి ఒక గుప్పెడు కొసరు ఏసేవాడు. చక్కెరకు చిటికెడు. మిరక్కాయలకు నాలుగు కాయలు. "తీసుకోమ్మా, కొలిచింది నీ దుడ్డుకు, ఇది నా పేరుకు" అనేవాడు. ఆ కొసరు కోసరం నేను వేరే అంగళ్ళు దాటుకోని ఆయన కాడికే పోయేదాన్ని. అది చూసే గదా బిడ్డనిచ్చింది మీ ఇంటికి! మంచి చెయ్యి, పిల్ల కడుపు మాడదులే అని.

…దావత్‌లో ముక్కలు తక్కువేసినారని నువ్వు అలిగి పెండ్లిపందిరి కింద కూర్చున్నప్పుడే తెలిసె, నాయన చెయ్యి కొడుక్కు రాలేదని. ఇప్పుడొచ్చె. రాగూడని చోట వచ్చె.

…మాట మార్చలేదు. అదే మాట. బియ్యంలో కొసరు ఏస్తే పుణ్యం. మందులో ఏస్తే—

…ఉండు, చెప్పనీ. నీకొక్కనికేనా పని? నాకూ పొయ్యి మీద హరీస్ ఉంది, అడుగంటితే తిట్లు తినేది నేను. చెప్పనీ.

…మా ఊర్లో జోగయ్య అని ఉండె. శెనక్కాయ చేన్ల మీద అడవిపందులు పడతాంటే నాటుతుపాకి మా నాయన నింపేవాడు. ఆయన నింపేటప్పుడు ఇంట్లో ఎవురమూ దగ్గేవాళ్ళం గాదు. ఒకసారి నాయనకు జరమొచ్చె. జోగయ్య తనే నింపుకునె. పంది పెద్దది, ఇంకింత పడితే మంచిదిలే అనుకునె. పంది తోక ఎగరేసుకోని పాయె. తుపాకి పగిలి జోగయ్యకు బొటనవేలూ పోయె, దాని పక్కదీ పోయె. సచ్చేదాకా పంచెముడి పెండ్లామే ఏసేది. ఊరంతా నవ్వేది. ఆమె నవ్వేది గాదు.

…నాటుతుపాకి వేరే, పిస్తోలు వేరే. తెలుసప్పా. ఇది ఒక తూటా పేలితే ఆ ఊపుకే వెనక్కిపోయి ఇంకో తూటాను దానంతటదే ఎక్కించుకుంటుంది. నీకు ముందు బలూచీ ఉస్తాద్ ఆ బల్ల ముందర ఉన్నన్నాళ్ళూ టీ తీసకపోయింది ఎవురు? నోరు ఊరికే ఉంటుందా నాది? అన్నీ అడుగుతాంటి.

…ఉస్తాద్ గొప్పోడే. గొప్పోడు గాబట్టే చెప్తాండా. ఆ పిస్తోలు ఎట్లొచ్చిందో నీకేం తెలుసు, నువ్వు రాకముందు సంగతి. బాబా బిడ్డ మౌజా గుర్రం మీదనుంచి పడి మణికట్టు ఇరగ్గొట్టుకునె. కట్టు ఇప్పినాక గూడా ఆ చేతికి సత్తువ రాలేదు. పట్టు వదిలే పిల్లనా అది? నా ఒళ్ళో పెరిగి, నాతో తెలుగులోనే కొట్లాడే పిల్ల. అన్నలు కాలుస్తాంటే నేనూ కాలుస్తా అనె. బాబా ముద్దుగా చిన్న పిస్తోలు తెచ్చె. ఆడబిడ్డకు చిన్నదే మేలని. అది పేలిస్తే గాడిద తన్నినట్ల తన్నె. చెయ్యి పట్టుకోని నా కాడికొచ్చి ఏడ్చె.

…వస్తాండా, ఆడికే వస్తాండా. అప్పుడు ఉస్తాద్ అన్నాడు, "బాబా, తేలికది వద్దు, ఉక్కుది తెప్పియ్యి, బరువుది" అని. నాకు వెంటనే అర్థమాయె. తేలిక రోట్లో దంచితే రోలే ఎగురుతుంది. బరువు రోలు కదలదు, పోటంతా అదే మింగుతుంది. దానికి తోడు బయట తూటాలు గట్టిగా తన్నుతాయని తనే మందు తగ్గించి మెత్తగా నింపిచ్చె. మరీ మెత్తనైతే రెండోది ఎక్కదు, గట్టిదైతే పిల్ల చెయ్యి తట్టుకోదు. ఆ రెంటికీ నడుమ సన్నని దారి. ఆ దారి కనుక్కోను ఉస్తాద్‌కు చలికాలమంతా పట్టె. నీకు చిటికెడుతో అయిపాయె!

…ఏమంటివి?

…ఎవురన్నారు? ముదీరా? ఏమని?

…అందరి ముందరా అనెనా.

…"మందు మిగిలించి అమ్ముకుంటాండావు, తక్కువ పోస్తాండావు, అందుకే మౌజా పిస్తోలు ఇరుక్కుంటాంది" అని. …ఊ.

…ఊ. ఫకీర్ సాహెబ్ కొడుకును పట్టుకోని తక్కువ తూచినావంటే ఒళ్ళు కాలుతుందిలే. కాలాల గూడా. …ఇంకెవురూ తక్కువని అనకుండా కొసరేస్తివి.

…ఇప్పుడొచ్చె నిజం. ఇందాకంతా లేదు లేదంటివి.

…పిచ్చోడా, ఇరుక్కునింది మందు తక్కువై గాదు! పిల్ల చెయ్యి వదులు చేసి పట్టుకునింది. పాత నొప్పి భయం. మణికట్టు వదులైతే పిస్తోలు చేతితోపాటే వెనక్కొస్తుంది, రెండో తూటా సరిగ్గా ఎక్కదు. "బిగించు బేటీ, బిగించు" అని ఉస్తాద్ గొంతు పోయేట్ల చెప్పేవాడు. నన్నడిగింటే చెప్తాంటి. నన్నెందుకడుగుతావు? అత్తనడిగితే మీసం రాలిపోతుంది.

…జాలి ఉంది. జాలి వేరే, ఇది వేరే. నువ్వే బాబా దగ్గరికి పోయి చెప్పు. చెయ్యి తప్పింది, ఈ తూటాలు పేల్చొద్దు అని.

…ఇంటికి పంపిస్తాడా? పంపించనీ. నిన్ను తెచ్చింది నేను గాబట్టి నన్ను గూడా పంపిస్తాడు. ఇద్దరమూ ఒకే ఇమానంలో పోదాం. కిటికీ పక్కన నువ్వే కూర్చో.

…"ఎవురికీ తెలీదు" అంటావా? ఎట్ల తెలుస్తుందో చెప్పనా? ఆ పిల్ల చేతిలో పిస్తోలు పగిలినప్పుడు తెలుస్తుంది. అప్పుడు గూడా నీ పంచెముడి నువ్వే ఏసుకుంటావు. ఆ పిల్ల బురఖా గుండీలు ఎవురు పెడతారు?

…బిడ్డ మొగుడివి గాబట్టే ఇంకా నీతో మాట్లాడతాండా. పరాయోడివైతే నిన్ననే బాబా ముందర నిలబెట్టింటి. నీ డబ్బా కోసరం నువ్వే ఫోన్ చేస్తావని కాచుకోనుంటి. తనంతట తనే దారికొస్తాడులే అనుకుంటి, నా ఖర్మ.

…డబ్బా యాడుంటే నీకెందుకు? నీళ్ళ తొట్టిలో ముంచినా. నిన్నటి నుంచి నానతాంది. ఖలాస్. ఇంక పనికిరావు అవి.

…యాల నవ్వుతాండావు?

…నీది గాదా? ఆకుపచ్చ డబ్బానే తెస్తి గదా!

…రెండూ ఆకుపచ్చవేనా.

…మూత మీద రాసుంటే? నాకు చదువొచ్చా? వచ్చింటే ఈ ఇంట్లో ఎందుకుంటాను, రాయచోటి బడిలో పంతులమ్మనయ్యి నీ చెవి మెలిపెట్టింటాను చిన్నప్పుడే. …అయితే నేను తెచ్చింది ఉస్తాద్ నింపిపెట్టి పోయిందన్నమాట. మంచిది తెచ్చి నీళ్ళపాలు చేస్తి. సరే. నవ్వు. కడుపునిండా నవ్వు.

…మరి నీది యాడుంది?

…ఇమామ్ హుస్సేనూ. నువ్వు కొసరేసింది యాడుంది?

…డ్రైవర్ చేతికి? పొద్దున్నే? …ఏ సంచి?

…మౌజా సంచిలోనా!

…ఈపొద్దు మేనమామ బిడ్డలతో ఎడారికి పోతాండాదిరా ఆ పిల్ల! పందెం కట్టుకోని కాల్చను! ఇంతసేపూ నాతో వాదులాడతాండావే గానీ—

…కారు చప్పుడు ఇనపడతాంది. పెట్టేయొద్దు. పెట్టేసినావంటే నా బిడ్డ మీద ఒట్టు. ఆడనే ఉండు!

మౌజా! యా మౌజా! …చాంద్ బాషా! కారాపు! …ఆ రేడియో ఆపప్పా, షార్జాలో ఎవురు గెలిస్తే నీకేంది! గేటు మూయి, గేటు మూయి ముందు! …దిగమ్మా. …నాకేమీ గాలేదు. ఆ సంచి ఇట్లియ్యి. …పందెం నాశనమైపోనీ, ఇయ్యి. …మొండికేయొద్దు తల్లీ, ముద్ద తినిపించిన చెయ్యి ఇది, దీనికియ్యి. …ఆ. …ఆ. పిస్తోల్లో ఏమన్నా ఎక్కిచ్చినావా? …లేదా? అల్లాకు సుకర్. లోపలికి పో. …చెప్తా, అన్నీ చెప్తా, పో.

…హలో. …ఉన్నావా?

…ఉండు. ఊపిరి… ఆ.

…దొరికింది. మూత తీసి చూస్తి. నీ వరసే. ఒక్కటి గూడా తగ్గలేదు.

…ఏడుస్తాండావా? ఏడువు. నేనూ ఏడ్చేదాన్నే, నాకిప్పుడు తీరికలేదు.

…ఏమి? "పాత సరుకు" అని చెప్పమంటావా? "ఉస్తాద్ నింపిపోయిందే" అనాల్నా? దేశం వదిలి పోయినోని మీద ఏస్తావా? థూ! మీ నాయన ఇంటే తక్కెడ ఇప్పి నెత్తిన కొడతాడు నిన్ను. కొలిచి కొడతాడు, కొసరూ కొడతాడు.

…నేను చెప్పను. నువ్వన్నట్లే చెప్పనులే. ఈ నోటితో నీ పేరు తీయను. అల్లుని మీద చాడీలు చెప్పిందని రహమత్‌బీ రేపు నా మొగం చూడకపోతే నేనెట్ల బతకాల?

…అంత సంతోషపడకు. నా అరుపులకు బాబా పగటి నిద్ర లేచి వచ్చినాడు. నా ముందరే నిలబడుకోనుండాడు, డబ్బా చేతిలో పట్టుకోని. ఏమాయెనని అడుగుతాండాడు. ఫోన్‌లో ఎవురని అడుగుతాండాడు.

…పారిపోయి యాడికి పోతావు? పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది, కొండలు దాటితే సముద్రం. కూర్చో.

…కూర్చున్నావా? విను. నీకు హిందీ వస్తుంది, బాబాకూ వస్తుంది. నడుమ నేనెందుకు? ఫోను ఆయన చేతికిస్తాండా.

…ఏమని చెప్పాల్నా? ముదీర్ అన్నదీ చెప్పు. నువ్వు చేసిందీ చెప్పు. తూచి చెప్పు నాయనా, గింజ తగ్గొద్దు.

…ఆ. కొసరు గూడా ఏయొద్దు.

…ఇదిగో బాబా. మా అల్లుడు.