ఆదివారం పడవ

అయ్యో, అందులో కూర్చోకండి వదినగారూ! అది మీ అబ్బాయి పని బట్టలతో కూర్చునే కుర్చీ. దాని నిండా ఫైబర్ పొడి. ఒక్కసారి కూర్చున్నారంటే రేపు సాయంత్రం దాకా గోక్కుంటూనే ఉంటారు. ఇటు రండి, ఈ కుట్టుమిషను పక్కకి. ఆ కర్టెన్ గుడ్డ అవతలికి తోసేయండి, ఫరవాలేదు.

మీరు ఎందుకొచ్చారో నాకు తెలుసు. వద్దు, మీరు చెప్పకండి. మీరు మొదలుపెడితే నాకు కోపం వస్తుంది, నేను మొదలుపెడితే మీకు వస్తుంది. ఎలాగూ ఒకరికి తప్పదు కాబట్టి ముందు నన్ను చెప్పనివ్వండి.

"మా వాడికి మళ్లీ సంబంధాలు చూస్తున్నాం. వాడేమో ఆదివారం వచ్చిందంటే పాత అత్తగారింట్లో తేలతాడు. ఇది తెలిస్తే ఎవరిస్తారు పిల్లని?" అంతేనా? ఆఁ, అంతే. మీ మొహమే చెబుతోంది.

అసలు నాకు వాకిట్లో పడవ కావాలని నేను మీ ఇంటికొచ్చి అడిగానా చెప్పండి?

వాళ్ల పెళ్లయిన కొత్తల్లో సంగతి. ఓ రోజు పొద్దున్నే గేటు ముందు ట్రాలీ ఆగింది. దాని మీద బోర్లా పడుకోబెట్టిన ఏనుగులా ఏదో ఉంది. మా అమ్మాయీ మీ అబ్బాయీ చెరో పక్కన నిలబడి పళ్లికిలిస్తున్నారు. ఎవరో స్నేహితుడు ఊరొదిలి వెళ్తూ ఊరికే ఇచ్చేశాడట. ఊరికే! ఊరికే వచ్చిందంటే చాలు, మన పిల్లలు పులినైనా ఇంటికి తోలుకొస్తారు.

"రెండు నెలలు అత్తయ్యా! బాగుచేసి తీసుకెళ్లిపోతాం. మేముండేది పై అంతస్తు కదా, అక్కడ పట్టదు" అన్నాడు. నేనూ సరేనన్నాను. కొత్త అల్లుడు కదండీ, కాదంటే బాగుండదని.

రెండు నెలలు కాదు, రెండు వానాకాలాలు పోయాయి. నా బట్టలారేసే తాడు పోయింది. పడవ కింద ఎవరింటిదో పిల్లి పిల్లల్ని పెట్టింది. వచ్చిన ప్రతివాళ్లూ అదే ప్రశ్న: "ఇదేంటండీ, వరదలొస్తాయని ఏమైనా చెప్పారా?" నవ్వి నవ్వి నా దవడలు పడిపోయాయి.

తర్వాత... ఆ తర్వాతది మీకూ తెలుసు. విడిపోయారు.

నేను మీవాడిదే తప్పనను. మీరూ మా అమ్మాయిదే తప్పనకండి, ఈ ఒక్క పూటకి. అరుచుకున్నారా? లేదు. కొట్టుకున్నారా? లేదు. ఒకళ్లు బాగా చెడ్డవాళ్లయితే మనం హాయిగా వాళ్లని తిట్టుకుని పడుకునేవాళ్లం. ఇద్దరూ మంచివాళ్లై కూర్చున్నారు. ఎవర్ని తిట్టాలి? అందుకే కదూ మీరూ నేనూ ఇన్నాళ్లూ ఫోను కూడా చేసుకోలేదు.

సామాన్లు పంచుకున్నారు. ఫ్రిజ్జు అమ్మాయికి, మంచం అబ్బాయికి. పడవ సంగతి వచ్చేసరికి నాకొద్దంటే నాకొద్దని ఇద్దరూ తప్పుకున్నారు. అప్పుడు చూడండి, ఎంత ఏకాభిప్రాయమో!

"పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమ్మా" అంది మా అమ్మాయి. పిలిచాను. ఆయన పడవ చుట్టూ ఓసారి తిరిగి, కాలితో తన్ని, "అమ్మా, ఇది ఇనుమైతే కరిగిస్తాను, చెక్కైతే పొయ్యిలో పెట్టుకుంటారు. ఫైబరు ఎవడిక్కావాలి? నేను తీసుకెళ్లాలంటే మీరే నాకివ్వాలి" అన్నాడు.

ఒళ్లు మండి మీవాడికి ఫోన్ చేశాను. "నీ సామాను నా వాకిట్లో ఉంది. వచ్చి తీసుకెళ్తావా లేదా?" అన్నాను. ఇదిగో, నా అంతట నేను పిలిచింది ఆ ఒక్కసారే. రాసి పెట్టుకోండి.

ఆదివారం వచ్చాడు. చేతిలో గ్రైండరు, అదే, ఇనుము కోసే మిషను. ముక్కలు ముక్కలుగా కోసి మూటగట్టి తీసుకెళ్లిపోదామని వచ్చాడు పాపం. గడ్డం పెరిగిపోయింది. ఎంత చిక్కిపోయాడనుకున్నారు! మీరు పెట్టట్లేదని కాదు వదినగారూ, వాడు తినట్లేదు.

నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. మూతికి గుడ్డ కట్టుకున్నాడు. ప్లగ్గు పెట్టాడు. పెట్టి, ఆ మిషను పట్టుకుని అలా నిలబడిపోయాడు. స్విచ్చి నొక్కడు. ఎంతకీ నొక్కడు. నా పాలు పొంగిపోయాయి కూడా, వాణ్ణి చూస్తూ.

చివరికి మిషను కింద పెట్టేసి, డాక్టరు రోగి వీపు మీద కొట్టి చూస్తాడే, అలా పడవ మీద వేళ్లతో టకటకా కొట్టుకుంటూ పోయాడు. ముందు నుంచి వెనకదాకా. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి, "అత్తయ్యా, ఇది గట్టిగానే ఉంది" అన్నాడు.

అనేసి నాలిక్కరుచుకున్నాడు. అత్తయ్యా అన్నాడు కదా! "సారీ... ఆంటీ" అన్నాడు.

ఆంటీ! నాకు ఎక్కడ కాలిందో చెప్పలేను. "ఇంకోసారి ఆంటీ అన్నావంటే నువ్వూ నీ పడవా గేటు బయట ఉంటారు" అన్నాను. దాంతో మీవాడు నవ్వాడు. ఎన్ని నెలలకి నవ్వాడో నాకు తెలీదు. మీకు తెలిసుంటుంది.

అప్పుడు నన్నేం చెయ్యమంటారు? కోసెయ్యమననా?

అలా మొదలైంది. వాడు లిఫ్టులు బాగుచేసేవాడు, నేను కర్టెన్లు కుట్టేదాన్ని. పడవ గురించి ఇద్దరికీ తెలిసిందల్లా ఒకటే, నీళ్లు లోపలికి రాకూడదని. లోపలి చెక్క ఫ్లోరు మొత్తం పుచ్చిపోయింది. గరిటతో తీస్తే హల్వాలా వచ్చేసింది. అడుగున ఓ చోట నా పిడికిలి పట్టేంత బొక్క. చుట్టూ సాలెగూడులా పగుళ్లు.

ముందు పగుళ్ల చుట్టూ పాత ఫైబరంతా గీకెయ్యాలట. గీకాం. అబ్బబ్బ, ఆ దురద! ఫైబరంటే గాజు పీచేనట, పిండిలాంటి దాని పొడి మెడలోకి, మోచేతుల మడతల్లోకి దూరిపోతుంది. వేడినీళ్లు పోసుకుంటే ఇంకా లోపలికి పోతుందట, చన్నీళ్లే పోసుకోవాలట. అది నాకెప్పుడు చెప్పాడు? వేడినీళ్లు పోసుకున్నాక చెప్పాడు.

ఆ తర్వాత నా కత్తెర. వదినగారూ, గుడ్డలు కోసే కత్తెరతో కాగితం కోస్తేనే నేను ఇల్లు పీకి పందిరేస్తాను. మీ సుపుత్రుడు దాంతో గాజు గుడ్డ కోశాడు! బొక్కలకి అతికించే గుడ్డ ఉంటుంది లెండి, గాజు పీచుతో చాపలా ఉంటుంది. నా కత్తెర పళ్లూడిన ముసలిదైపోయింది. ఆ రోజు నేనన్న మాటలు మీకు చెప్పను, మీరు కన్నతల్లి.

కానీ చూస్తే, కోసింది కూడా సవ్యంగా కోశాడా? వంపు దగ్గరంతా ముడతలు. చొక్కా చంక దగ్గర గుడ్డ ఎలా కోస్తాం? ముందు కాగితం మీద కొలత తీసుకుని కోస్తాం కదా! పాత పేపరు అడ్డం పెట్టి గీసిచ్చాను. చక్కగా కూర్చుంది. దాంతో నాకు పొగరెక్కింది. "జరుగు, ఆ జిగురు కూడా నేనే కలుపుతా" అన్నాను.

రెసిన్ అని తేనెలా ఉంటుంది. దాన్లో గట్టిపడే మందు కొన్ని చుక్కలు కలపాలి. నేనేమనుకున్నాను? నాలుగు చుక్కలెక్కువైతే తొందరగా ఆరుతుంది కదా అనుకున్నాను. మగ్గు నా చేతిలోనే బుసబుసమని పొగలు కక్కింది! విసిరేశాను. నా పూలకుండీలో పడింది. ఆ మొక్క ఇప్పటికీ కోలుకోలేదు, చూడండి. మీవాడు గట్టిపడిన మగ్గు తీసి గేటు గోడ మీద పెట్టాడు, కప్పు గెలిచినట్టు.

ఇలా ఆదివారాలు గడిచాయి. ఇందులో తప్పేముంది చెప్పండి. ఏమన్నారు? అమ్మాయికి చెప్పావా అనా?

హుఁ. అక్కడ పట్టుకున్నారు నన్ను.

చెప్పలేదు. చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఓ ఆదివారం అదే వచ్చేసింది, చెప్పాపెట్టకుండా. నేను కళ్లద్దాలూ మాస్కూ పెట్టుకుని, తలకి టవల్ చుట్టుకుని పడవ కింద వెల్లకిలా ఉన్నాను. మీవాడు పైనుంచి "అత్తయ్యా, గుడ్డ కింద ఆ గాలి బుడగ కూడా నొక్కండి" అంటున్నాడు. దాని కాళ్లు కనబడ్డాయి నాకు. చెప్పుల్ని బట్టి గుర్తుపట్టాను.

పాకుకుంటూ బయటికొచ్చేసరికి మీవాడు చేతులు తుడుచుకుంటూ తలొంచుకుని నిలబడ్డాడు. అది వాణ్ణేమీ అనలేదు. నన్నడిగింది. "అమ్మా, నువ్వెవరి వైపు?"

పడవ వైపే తల్లీ అన్నాను. నవ్విద్దామని. నవ్వలేదు. వెళ్లిపోయింది.

వారం ఫోన్ లేదు. ఇంకో వారం లేదు. నేను చేస్తే ఎత్తదు. వదినగారూ, నాకున్నది అదొక్కతే. రాత్రుళ్లు కుట్టుమిషను ముందు కూర్చుని ఒకే కుట్టు మళ్లీ మళ్లీ విప్పేదాన్ని. కన్నబిడ్డ కంటే ఎక్కువా ఈ డొక్కు అని మీవాడికి ఫోన్ చేసి, "ఇక రావద్దు బాబూ" అన్నాను. "సరే అత్తయ్యా" అన్నాడు. అంతే. ఎందుకని అడగలేదు. అడిగుంటే బాగుండేది.

ఆ ఆదివారం రాలేదు. నేను పొద్దున్నే లేచి, పని బట్టలు కట్టుకుని, అప్పుడు గుర్తొచ్చి, మళ్లీ మార్చుకున్నాను. టీ రెండు గ్లాసులు పెట్టాను. రెండూ నేనే తాగాను.

సాయంత్రం మా అమ్మాయి వచ్చింది. వాకిట్లో పడవని చూసింది, సగం రంగేసి సగం వెయ్యకుండా. నన్ను చూసింది. వాణ్ణి రావద్దన్నానని చెప్పాను. తర్వాత నా పక్కన కూర్చుని, "అమ్మా, ఆయనతో కాపురం నాకు కుదరలేదు. నీకు కుదిరితే నాకేం నష్టం?" అంది.

అని, నా ఫోన్ తీసి నంబరు నొక్కి నా చెవి దగ్గర పెట్టింది. "రంగు ఎండిపోతోంది, బ్రష్షులు గట్టిపడుతున్నాయి, తొందరగా రా" అన్నాను. ఏం మాట్లాడానో నాకే తెలీదు.

సరే, రంగు. మొదట్లో వాడు నీలం అన్నాడు. నీళ్లల్లో నీలం పడవ మునిగితే ఎలా వెతుకుతావురా అన్నాను. పసుపు వేశాం. సీట్లకి కవర్లు నేను కుట్టాను. చూశారుగా మీ అబ్బాయి ఫోన్‌లో ఫొటోలు? చూపించలేదా? ఇదిగో, చూడండి. అంచుకి వేసిన ఈ పైపింగు చూడండి.

పోయినవారం చెరువులోకి దింపాం. మా అమ్మాయి కూడా వచ్చింది. ఒడ్డునే నిలబడతానంది. మేమిద్దరం ఎక్కాం. తెడ్డు వేశాడు. కదిలింది! వదినగారూ, ఎలా చెప్పను? ఇన్నాళ్లూ నేను బోర్లా చూసిన వస్తువు నన్ను మోసుకుంటూ పోతోంది.

ఇంతలో నా కాళ్లు తడిశాయి. చూస్తే అడుగునంతా నీళ్లు! ఎక్కడి నుంచో తెలీదు. ఒడ్డు నుంచి మా అమ్మాయి గావుకేకలు. "బిరడా! బిరడా!" లోపల చేరిన నీళ్లు వదలడానికి వెనకాల ఓ బెజ్జం ఉంటుంది, దానికి బిరడా పెట్టాలి. ఇద్దరం మర్చిపోయాం. బిరడా మా అమ్మాయి చేతి సంచిలో ఉంది, నేనే దాచమని ఇచ్చాను. మీవాడు బెజ్జంలో బొటనవేలు పెట్టి అడ్డంగా పడుకున్నాడు. నేను టిఫిన్ డబ్బా మూతతో నీళ్లు తోడుతూ, ఒక్క తెడ్డుతో గుండ్రంగా తిరుగుతూ, దేవుడా, ఎలా వచ్చామో ఒడ్డుకి!

వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు. ఆగకుండా నవ్వారు, కళ్లల్లో నీళ్లొచ్చేలా. నేను తడిసిన బట్టల్తో చూస్తూ, ఇదిగో, అయిపోయింది, కలిసిపోయారు అనుకున్నాను.

నవ్వడం అయ్యాక అది దాని బండెక్కింది, వాడు వాడి బండెక్కాడు. చెరో దారి.

ఆశ పెట్టుకోకండి వదినగారూ. మీ కళ్లల్లో కనబడుతోంది కాబట్టి చెబుతున్నాను. నేను పెట్టుకున్నాను, నాకు తెలుసు. వాళ్లిద్దరూ బాగానే ఉన్నారు. విడివిడిగా బాగున్నారు. చూస్తే సంతోషంగానే ఉంది, మింగుడు మాత్రం పడటం లేదు.

అందుకని మీ మాట న్యాయమే. చూడండి సంబంధాలు. మంచి పిల్లని చూడండి. మీవాణ్ణి ఇక నేను పిలవను. మాటిస్తున్నాను. విడాకులు వాళ్లిద్దరికేనండీ, నాకెవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. అయినా పిలవను.

కానీ నిజం చెప్పండి. మిమ్మల్ని బాధపెట్టింది సంబంధమా, ఆదివారమా? అన్నయ్యగారు చీట్లపేకకి పోతారు. వీడేమో ఇక్కడికొచ్చేవాడు. అంత పెద్ద ఇంట్లో మీరొక్కరూ... సరే సరే, అనను. మంచినీళ్లు తాగండి.

ఇంకొక్కటి చెప్పాలి. కోప్పడనంటేనే చెబుతాను.

ఆ చెరువు దగ్గర పడవలు అద్దెకిచ్చే ఆయన పాక వెనకాల ఇంకోటి చూశాను. మాదానికంటే పెద్దది. అడుగు ఊడిపోయింది, లోపల గడ్డి మొలిచింది. ఊరికే అడిగాను. ఊరికే ఇచ్చేస్తానన్నాడు. ఎల్లుండి ట్రాలీలో వస్తోంది.

మీవాడికి చెప్పలేదు, ఒట్టు. చెప్పను కూడా. మాటిచ్చాను కదా. గుడ్డ కోయడం వచ్చు, జిగురు కలపడం వచ్చు, రంగు వెయ్యడం వచ్చు. అంతా నేనే చేసుకోగలను. కాకపోతే దాన్ని బోర్లా తిప్పాలంటే ఇద్దరుండాలి.

అందుకని వదినగారూ... ఆదివారం పాత బట్టల్లో రండి. చేతులు పొడుగ్గా ఉన్నవి.