మాస్టారికి ఆఖరి సంచిక

ఆగండి. ఆ చెప్పులు తర్వాత తొడుక్కోవచ్చు. ఇంత ఎండలో ఎక్కడికండీ? లెక్కల మాస్టారింటికా? ఇన్నేళ్లలో ఒక్క రచయిత గడప తొక్కిన మనిషి కాదు మీరు. ఇవాళ మన ఆఖరి సంచిక చంకలో పెట్టుకుని, ఎవరో పాఠకుడికి స్వయంగా ఇచ్చొస్తానంటారు.

ఎప్పుడూ సంచిక పనేగా. నా పుట్టింట్లో ఏ శుభకార్యమైనా సంచిక పని. మా అమ్మ పోయిన రోజున కూడా సంచిక పనే.

సంపాదకీయం బాగానే రాశారు, కాదనను. కంపోజ్ చేసిందాన్ని, చదవకుండా ఎలా ఉంటాను? రాజకీయం, సాహిత్యం, బొమ్మలు, సైన్సు, అన్నీ ఒక్క పత్రికలో, ఎవరి అండా లేకుండా ఇరవై రెండేళ్లు తెచ్చామన్నారు. నిజమే. నెలనెలా మన తప్పులు పట్టుకున్న మాస్టారి భయానికే ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశామన్నారు. అట్టలు అంటించినవాళ్లకి కూడా థాంక్స్ చెప్పారు.

నా పేరు ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు చూశాను. సిగ్గు విడిచి చెప్తున్నాను.

లేదులెండి. అలవాటే.

నా బల్లి వ్యాసం గుర్తుందా? ఎందుకుంటుంది. వంటింటి గోడమీద బల్లి కిందపడకుండా ఎలా పాకుతుందా అని ఆర్నెల్లు పుస్తకాలు తిరగేసి రాశాను. మీరేమన్నారు? ఇంట్లోవాళ్ల రాతలు వేసుకుంటే నలుగురూ నవ్వుతారన్నారు. చదవనైనా చదవలేదు. దానిమీదే టీ గ్లాసు పెట్టారు. ఆ గుండ్రటి మరక ఇంకా ఉంది, కావాలంటే చూపిస్తాను.

ఆ మరుసటి నెలేగా మాస్టారి మొదటి ఉత్తరం వచ్చింది? బల్లి గురించే. ఎంత చూపు, ఎంత చదువు అని మురిసిపోయి, చుట్టూ గీతలు గీయించి మరీ వేశారు.

కూర్చోండి. ముందలా కూర్చోండి.

మన టపా విప్పేదెవరు? నేను. ఉత్తరాలు కంపోజ్ చేసేదెవరు? నేను. మీ చేతికొచ్చేది అచ్చు కాగితం. అసలు ఉత్తరం ఏదీ, ఆయన దస్తూరీ చూద్దాం అని ఒక్కనాడైనా అడిగారా? అడిగుంటే ఆ రోజే దొరికిపోయేదాన్ని. మాస్టారిదని చందాదారుల జాబితాలోంచి రాసుకున్నారే, ఆ చిరునామా మా అక్కది. మీరు వెళ్లి తలుపు కొడితే, దారి తప్పి వచ్చారా మరిదిగారూ అంటుంది. నా తోడబుట్టినదాని ఇల్లెక్కడో మీకు తెలిస్తే కదా.

అవునండీ. మాస్టారూ లేడు, ఎవరూ లేరు. నేనే.

ఆనకట్ట వ్యాసంలో అంకెలు తలకిందులయ్యాయని రాసింది నేనే. మంత్రిగారి మీద మీరు రాసింది కోపమే తప్ప ఆధారం లేదన్నదీ నేనే. మీ కథల్లో ఆడవాళ్లంతా టీ కప్పులు పట్టుకునే ఎందుకొస్తారు, వాళ్లకి వేరే పనుండదా అని రాశానే, అది చదివి మీరు కళ్లు తుడుచుకున్నారు. ఆడదాని గురించి ఇంత ఆలోచించే మగాడు కూడా ఉన్నాడు చూడవే అని నాతోనే అన్నారు.

అప్పుడు నా చేతిలో ఏముందో తెలుసా? మీ టీ.

ఆ పూటే చెప్పేద్దామనుకున్నాను. కానీ మాస్టారు చెప్తే మీరు వింటున్నారు. నిజంగా వింటున్నారు. ఆయనకి పత్రికలో జవాబు రాయాలని పాత పుస్తకాలు దించి వెతికేవారు, ఆయనన్నది నిజమేనని మర్నాడు నాకే వివరించి చెప్పేవారు. ఈ ఇంట్లో నా మాట చెల్లే చోటు అదొక్కటే. ఎలా వదులుకోను?

తిట్టండి, పడతాను. ఆ సంచిక వంక ఏంటా చూపు?

ఏంటి? మళ్లీ అనండి.

అయితే మన పత్రిక ఎవరూ శ్రద్ధగా చదవలేదా అనా? అదా మీ దిగులు?

నేను చదివాను కదండీ. ఇరవై రెండేళ్లు, ప్రతి అక్షరం. నేను లెక్కలోకి రానా?

రానులెండి. ఆ కాపీ ఇలా ఇవ్వండి. ఆయనకిచ్చినట్టే.