సూరీడమ్మ బొంబాయి సట్నీ

సూరీడమ్మని ఒకామె ఉండీది, తాటిపేట టేసను పక్కన పూరీలేసుకుని బతికీది. పూరీలో నంజుకోడానికి సెనగపిండి నీళ్లల్లో కలిపి, ఉల్లిపాయలు, పచ్చిమిరగాయలేసి జారుగా ఉడికించీది సూడండి, పసుప్పచ్చగా, అదే, బొంబాయి సట్నీ. రైలు దిగినోలు దానికోసం ఇల్లు మర్సిపోయీవోరంట. మరి ఆమె బొంబాయి సూసిందా అంటే, ఇజీనారం దాటి ఎరగదు.

అలాగుండగా ఏమైందంటే, టేసనుకి కొత్త మాస్టరొచ్చినాడు, సిండే అని. ఏ ఊరు బాబూ అంటే బొంబాయన్నాడంట! ఇంకేటుంది, ఎదర టీకొట్టు పారినాయుడికి పండగే అనుకో. ఒలే సూరీడమ్మా, పన్నెండేళ్లు బొంబాయి పేరు సెప్పి జనాన్ని మాయ సేసినావు, రేపా బాబు తిని ఇది మాది కాదంటే నీ మొకం ఎక్కడెట్టుకుంటావే, అని ఊరంతా టముకేసీసినాడు. సూరీడమ్మకి గుండెల్లో రాయి పడ్డాది. పేరు ఆమె ఎట్టిందా ఏటి? అత్త అన్నాది, ఈమె కూడా అన్నాది. అత్తకి ఎవులు సెప్పినారో అత్తకే తెల్దు.

మర్నాడు పొద్దున్నే మాస్టరొచ్చి బల్ల మీద కూకున్నాడు. ఊరు ఊరంతా మూగిపోనాది, నానూ ఉన్నాననుకో. సూరీడమ్మ పళ్లెం ఎట్టింది గానీ దాని మీంచి సెయ్యి తియ్యలేదు. "బాబూ, ముందే సెప్పీస్తన్నాను. నాను బొంబాయి సూళ్లేదు. అక్కడెలా సేస్తారో నాకు తెల్దు. ఇది నా సేతి వంట. బాగుంటే తిను, నేకపోతే ఆ పేరు తీసీస్తాను" అంది. ఆయన పూరీ తుంపి, ముంచి, నోట్లో ఎట్టుకున్నాడు. నమిలినాడు. ఇంకా నమిలినాడు. పారినాయుడు ఉండబట్టలేక, "బొంబాయిదేనా బాబూ?" అనడిగీసినాడు. మాస్టరు వచ్చీరాని తెలుగులో, "మా బొంబాయిలో ఈ చట్నీ నేను ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. పారినాయుడు తొడగొట్టబోనాడు. ఇంతలో ఆయన పళ్లెం ముందుకి తోసి, "ఇంకా నాలుగు పూరీలు వెయ్యమ్మా! అక్కడికెళితే దొరకదు కదా" అన్నాడు.

ఒకటే నవ్వనుకో జనం! సూరీడమ్మ నవ్వుతుందో ఏడుస్తుందో తెల్దు, కొంగు నోట్లో కుక్కుకుని పూరీలు వత్తీసింది. తరవాత మాస్టరు పెళ్లామొచ్చి ఆ సట్నీ నేర్సుకుంది. బదిలీ అయిపోయి బొంబాయెల్లినాక ఎవులో తెలుగోల సేత ఉత్తరం రాయించింది. ఏమనంటే, మా వీధిలో అందరూ దీన్ని తాటిపేట చట్నీ అంటున్నారు, తాటిపేట ఏ దేశంలో ఉందని అడుగుతున్నారు, అని. సూరీడమ్మ ఆ ఉత్తరం పారినాయుడి సేతే మూడుసార్లు సదివించింది!

ఆ పూట అందరికీ ఉత్తినే ఎట్టిందమ్మా. నాను తొమ్మిది పూరీలు తిన్నాను, పారినాయుడు పదకొండు. పూరీలింకా ఉండగానే సట్నీ అయిపోనాది, నాకు ఇప్పటికీ అదే బాద.