అర్థాలరాయుడి గంటపూలు

ఏంటే, పొద్దుట్నుంచీ ఆ ఫోనులోంచి తలెత్తడం లేదు? పెళ్లి హాలుకి పూలా? ఏదీ, చదువు. తెల్ల గులాబీ అంటే నిర్మలత్వం, పసుపుదైతే స్నేహం, ఊదాదైతే... చాల్చాలు, ఆపు. ఈ చదువు ముప్ఫై ఏళ్లు విన్నాను తల్లీ, మా బావగారి నోట. మీ తాతకి సొంత అన్న. నువ్వు పుట్టకముందే పోయాడు, అదృష్టవంతురాలివి. పూలకొట్టు ఆయనదేగా. వీధిలో వాళ్లంతా ఎదురుపడితే 'గురువుగారూ' అనేవాళ్లు. వెనకాల మేం 'అర్థాలరాయుడు' అనుకునేవాళ్లం. మేమంటే నేనూ, అక్కా. అక్కంటే నా తోడబుట్టింది కాదే, ఆయన పెళ్లాం. నా తోడికోడలు.

కొట్టులో ముందు గది ఆయనది, వెనక గది మాది. ముందు గదిలో ఫ్యాను, నిలువుటద్దం, పాలిష్ పెట్టిన బల్ల, దాని మీద లావుపాటి నోటుపుస్తకం. ఏ పువ్వుకి ఏ అర్థమో అందులో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. వెనక గదిలో ఏముంది? మోకాలెత్తు బకెట్లు, కుళ్లిన కాడల కంపు, ఎప్పుడు చూసినా చిత్తడి నేల. ముళ్లు గీకడం, కింది ఆకులు దూయడం, కాడలు ఏటవాలుగా కొయ్యడం, శవాల మీద పెట్టే పూలచక్రాలకి తీగ చుట్టడం, అన్నీ మేమే. ఆయన వేలికి ఒక్క ముల్లు గుచ్చుకుని ఉంటే ఒట్టు. పైగా ఆ అర్థాలైనా నిజమైనవా అంటే అదీ లేదు. ఏ పువ్వు అమ్ముడుపోక మిగిలితే ఆ పూటకి దానికే గొప్ప అర్థం. రేపు రాలిపోయే పువ్వుకి 'శాశ్వతమైన ప్రేమ' అని చెప్పేవాడు! ఒకసారి ఎవరో పాపం, పెళ్లాంతో గొడవపడి పుట్టింటికి పంపేశాట్ట, క్షమాపణ చెప్పే పూలు కావాలన్నాడు. ఈ మహానుభావుడు గొంతు తగ్గించి, 'బంతి, నాయనా. పశ్చాత్తాపానికి బంతిని మించింది లేదు' అన్నాడు. ముందురోజు ఓ ఆర్డరు రద్దయి రెండు బుట్టల బంతి మిగిలిపోయిందిలే మరి. నవ్వుతావేంటి, ఆ కుర్రాడు కళ్లనీళ్లు పెట్టుకుని పట్టుకెళ్లాడు.

అక్క అలా కాదు. ఆవిడకి పువ్వంటే దేనికి పనికొస్తుందో అది. తీగ తెగి వేలు కోసుకుందనుకో, కలబంద చీరి గుజ్జు పెట్టేది. నీళ్లు పట్టీ పట్టీ పగిలిన అరచేతులకీ అదే మందు. మిగిలిన బంతిరేకులు ఉడికించి పాత దుప్పట్లకి రంగేసేది, ఎంత బాగుండేవనుకున్నావ్! వేపాకు ఎండబెట్టి బట్టల పెట్టెల్లో వేసేది, పురుగు పట్టకుండా. కొత్త రకం పెట్టె వస్తే ముందు వాసన చూసేది, కాడ తుంచి పాలు కారుతున్నాయా అని చూసేది, రెండ్రోజులు విడిగా పెట్టేది. ఆయన ముందు గదిలోంచి 'మా ఆవిడకి పువ్వులో ఆకుకూర కనిపిస్తుందండీ' అని గట్టిగా అనేవాడు. కొనడానికొచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. ఈవిడ తలెత్తేది కాదు.

ఆఁ, చెప్తున్నా, అక్కడికే వస్తున్నా. ఓ ఏడాది చలిదేశం నించి కొత్త పూలు తెప్పించాడు. సన్న కాడ, దానికి వరసగా వేలాడే బుల్లి తెల్ల గంటలు. గంటపూలని మేమే పేరు పెట్టుకున్నాం. ముద్దొచ్చేవి, అబద్ధమెందుకూ. 'పోయిన సంతోషం తిరిగొస్తుంది, అదీ దీని అర్థం' అని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాడు. వచ్చిన రెండో రోజు, మా వెనక గది పిల్లి ఆ బకెట్లో నీళ్లు తాగింది. నేనూ చూశాను, అక్కా చూసింది. మధ్యాహ్నానికి కక్కుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ బల్ల కిందకెళ్లి చచ్చిపోయింది. అక్క వెళ్లి ఆయనతో చెప్పింది, ఈ పువ్వులో విషముందండీ అని. 'ముసలి పిల్లి చచ్చిపోతే పువ్వేం చేసిందే' అన్నాడు. పిల్లి ముసలిదేం కాదు. అప్పటికి ఒక్క ఈతే ఈనింది.

అదే వారం బళ్లో హెడ్మాస్టరమ్మ రిటైర్మెంటు సభ. అలంకారం మనదే. వేదిక పని అయ్యేసరికి, పక్క బల్ల మీద పిల్లల కోసం నిమ్మరసం పెట్టి ఉంది, నాలుగు పెద్ద గాజు జగ్గులు. ఈయనగారికి బుర్ర వెలిగింది. 'అందానికి అందం, అర్థానికి అర్థం' అంటూ గంటపూల కాడలు గుప్పెడేసి ఆ జగ్గుల్లోనే గుచ్చాడు! ఔనే, తాగే దాంట్లో! అక్క చూసి పరుగున వెళ్లింది. 'తీసెయ్యండి, పిల్లలు తాగుతారు' అంది. 'నలుగురిలో నోరు మూసుకో' అన్నాడు పళ్లు బిగబట్టి. ఆ తర్వాత సభ, ఉపన్యాసాలు, చప్పట్లు. పిల్లలు గ్లాసులు పట్టుకుని వరస కట్టారు. మొదటి గ్లాసు పోస్తున్నారు. అక్క వెళ్లింది. ఒక జగ్గు కిందికి తోసింది. రెండోది తోసింది. మూడు, నాలుగు. గాజు పెంకులు, నిమ్మరసం, హెడ్మాస్టరమ్మ కొత్త బట్టలన్నీ తడిసి ముద్ద. మొదటి వరసలో ఓ పిల్ల ఏడుపు లంకించుకుంది.

అప్పుడు ఆయన ఏం చేశాడో తెలుసా? చేతులు జోడించాడు. గొంతు వణికించాడు కూడా, నటుడు! 'పెద్దలు క్షమించాలి. ఈ మధ్య మా ఆవిడకి మతి స్థిమితం లేదు. ఇంట్లో గుట్టుగా దాచుకుంటున్నాం' అన్నాడు. అని, నా వైపు తిరిగాడు. 'ఏమ్మాయ్, నువ్వు రోజూ పక్కనే ఉంటావుగా. నువ్వు చెప్పు' అన్నాడు. అందరూ నా వంక చూశారు. మీ తాత ఆయన కొట్లోనే పనిచేసేవాడు. మేముండే గది ఆ కొట్టు మీదే. మీ అమ్మ చంకలో ఉంది. 'అవును బావగారూ' అన్నాను.

అంతే. ఎవరూ తాగలేదు, ఎవరికీ ఏం కాలేదు. ఒక్క పిల్ల కక్కుకున్నా అక్క మాట నిజమయ్యేది. ఎవరికీ ఏం కాలేదు కాబట్టి ఆవిడ పిచ్చిదైంది. వీధిలో ఆవిడ వస్తుంటే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు, ఏ పిల్లల్నో తెలుసా, ఆ పిల్లల్నే! ఈయనేమో వచ్చినవాళ్లకల్లా నిట్టూర్చి చెప్పుకునేవాడు, ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నాను చూడండీ అని. సానుభూతితో గిరాకీ పెరిగింది కూడా. నాలుగైదేళ్లకి ఆ పూల పెట్టెలో అచ్చు కాయితం ఒకటి వచ్చింది. పిల్లలకి, పశువులకి అందకుండా ఉంచండి, ఆకూ, పువ్వూ, కాడ పెట్టిన నీళ్లూ అన్నీ విషమే అని. నా ముందే చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆ పూలు తెప్పించడం మానేశాడు. ఎవరో అడిగితే ఏమన్నాడనుకున్నావ్? 'ఆ పువ్వు అర్థం పాతబడిందండీ' అన్నాడు! థూ! ఓ కాయితం ముక్క తీసి పెళ్లాం చేతిలో పెట్టడానికి ఆ గుండ్రటి అక్షరాల మనిషికి చేతులు రాలేదు.

ఆయన పోయాక అల్మారా సర్దుతుంటే కోటు లోపలి జేబులో దొరికింది అది, మడతల దగ్గర చిరిగిపోయి. ఎందుకు దాచుకున్నాడో నాకైతే తెలీదు. పట్టుకుని పరిగెత్తాను అక్క దగ్గరికి. పెరట్లో పీట వేసుకుని కూర్చుని పుదీనా దూస్తోంది. 'అక్కా, చూడు, నువ్వు చెప్పిందే నిజం, అచ్చులో ఉంది' అన్నాను. తీసుకుని చదవను కూడా లేదు. 'ఈ కాయితం నాకెందుకే? నాకు పిల్లి చచ్చిన రోజే తెలుసు' అంది. తల ఎత్తకుండానే, 'నీకూ ఆ రోజే తెలుసు' అంది.

ఆఁ? ఏమన్నానా? పక్కన కూర్చుని నేనూ పుదీనా దూశాను.

నీ టీ చల్లారిపోయింది. తాగు.