ఆ టైపు నీది కాదు

హలో… ఆ, నేనే బావా. ఆ స్పీకరు ఆపు… నీకు సరిగా వినపడదని తెలుసులే, అయినా ఆపు. అక్కెక్కడ?… లోపలి గదిలోనా. సరే, మెల్లగా మాట్లాడు.

ఏం లేదు… అంటే, ఉంది. ఆఫీసు వాళ్ళు తీసేస్తే మనం చెరొకటి ఇంటికి తెచ్చుకున్నామే, ఆ పాత టెర్మినల్లో రోజూ సాయంత్రం నాతో టైపు చేస్తున్నది నువ్వేనా?

…నవ్వకు. సరదాకి అడగడం లేదు.

…లైను తప్పు కాదు. ముందు నేనూ అదే అనుకున్నా. టెర్మినల్ నుంచి నెట్ డబ్బాకి వెళ్ళే కేబుల్ మార్చాను. ప్లగ్గులో రెండు పిన్నుల్ని పేపర్ క్లిప్పుతో కలిపి చూశాను — కొట్టింది కొట్టినట్టు నా తెర మీదికే తిరిగొచ్చింది. నా వైపంతా బాగానే ఉంది. తేడా నీ వైపే.

…ఎలా తెలిసిందా? ఆఫీసులో ఇదే టెర్మినళ్ళ ముందు పక్కపక్కనే కూర్చుని ముసలాళ్ళమయ్యాం, నీ టైపు నాకు తెలీదా? నువ్వు టకటకా కొట్టేస్తావు, తప్పొస్తే వదిలేస్తావు. ఇప్పుడొచ్చేది ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వస్తోంది. తప్పు పడితే వెనక్కెళ్ళి దిద్దుకుంటోంది. నువ్వు జన్మలో ఏదైనా దిద్దుకున్నావా బావా?

…వేలు నొప్పా? మొన్న కళ్ళన్నావు. రోజుకో కథ చెప్పకు.

నిన్నేమో 'వేళకి తింటున్నావా' అని వచ్చింది. ఇన్నేళ్ళలో నువ్వెప్పుడైనా అడిగిన మాటేనా అది?

…కోపం రాదా మరి? మంగళవారం గుండె ఆపరేషనని నీకొక్కడికే చెప్పాను. అక్క చెవిన వెయ్యొద్దని ఒట్టు పెట్టించుకున్నాను… నువ్వు చెప్పలేదు, సరే. మరి 'డాక్టరు మంచివాడేనా, తోడెవరుంటారు' అని అన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగిందెవరు? మన మధ్యలో ఎవరో దూరారు.

…ఎలా చెప్పను? అమ్మ జబ్బు ఆఖరిదాకా దాచానని కదా అక్క నాతో మాటలు మానేసింది. ఇప్పుడు నా జబ్బు చెప్పి జాలిపడమనాలా?

…ఆగు. ఆగు బావా.

నువ్వెక్కడున్నావు?… బయట మెట్ల మీదా? చేతిలో ఫోనేనా ఉంది?

…ఎందుకంటే నా తెర మీద అక్షరాలు పడుతున్నాయి. ఇప్పుడే.

…నీళ్ళు నమలకు. లోపల టెర్మినల్ ముందు కూర్చున్నదెవరు?

…ఉండు, చదవనీ… 'అమ్మది దాచావు'…

…

…'నీది కూడా దాస్తావా చిన్నోడా'…

…

స్పీకరు ఆపలేదన్నమాట నువ్వు.

…నువ్వు చెప్పలేదు, తెర ఆర్పకుండా బయటికెళ్ళావు. తను చదివేసింది. అంతేనా?… ఆ రోజునుంచీ కుర్చీలో నిన్ను కూర్చోనివ్వడం లేదా?… లేదు బావా, ఏడవడం లేదు. జలుబు.

…వద్దు, ఫోను తనకివ్వకు. గొంతు వింటే నాకు మాట రాదు. మంగళవారం నువ్వు రాకపోయినా ఫర్వాలేదు, తను వస్తే చాలు… అది నువ్వు చెప్పకు. నేనే అడుగుతాను.

తెర మీద ఇంకేమీ రావడం లేదు. నా జవాబు కోసం చూస్తోంది… ఫోను పెట్టేస్తున్నా బావా. నాకు రెండు చేతులూ కావాలి.