వెలగని ముక్క

2006లో ఒక సాయంత్రం పెనుకొండ స్టేషన్లో ఇద్దరు ఎదురుపడ్డారు. ఆయన హిందూపురం కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైనవాడు. ఆమె తొమ్మిదేళ్ల కిందట ఆ ల్యాబులోనే పరిశోధన చేసింది. క్షేమసమాచారాలు అయ్యాక ఆయన ఇక ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, అప్పుడు నీకొక అబద్ధం చెప్పినా. ఇన్నేండ్లూ అది నన్ను తింటాండాది."

"ఏందన్నా అది?"

"యాసిడ్లో పెట్టి సన్న బొక్కలు చేస్తాంటివే, ఆ సిలికాన్ ముక్క..."

"పరమాణువులు వరుసలో లేని రకం. ఊదా లైటు కింద ఎర్రగా వెలగాల. రెండేండ్లు వెలగనే లేదు. విసుగొచ్చి నేను ఊరికి పోదామని పుస్తకాలు సర్దుకుంటాంటే, ఎర్రగా కనబడిందమ్మా అంటివి."

"నాకేమీ కనబడలేదమ్మా. నీ ఏడుపు చూడలేక అట్లంటి."

"తెలుసన్నా."

"ఎట్ల తెలుసు?"

"ఆ పొద్దు నేనింకా ఊదా లైటే వేయలేదు కదా!"

ఆయన ముఖం చిన్నబోయింది.

"మరి యాల ఉండిపోతివి?"

"అది వెలుగుతాదని అన్న మనిషివి నువ్వొక్కడివే. నోట్సులో మాత్రం నువ్వు చూసినావని రాయలేదులే. ఇంకో ముక్క తయారుచేస్తి. ఐదో దినం నిజంగానే వెలిగె."

"ఆ పొద్దు నేను లీవు. విన్నానే గానీ, కండ్లతో చూడలేదు."

"ధర్మవరంలో నా స్టూడెంట్లకు ఏటా చూపిస్తాండా. రేపు మళ్లా చేస్తాండాము."

ఆయన పోవాల్సింది హిందూపురం. ధర్మవరం ప్యాసింజరు వచ్చి ఆగగానే, ఆమె బ్యాగు అందుకుని ఆయనే ముందుగా ఎక్కాడు.